సంతకం పెట్టని పెద్దమనిషి

మా తూముకి రెండు షట్టర్లు. ఒకటి ఎత్తితే నీళ్ళు మెరక బోదెలోకి పోతాయి, రెండోది ఎత్తితే పల్లపు బోదెలోకి. రెండూ ఒకేసారి ఎత్తితే ఏ బోదెలోనూ మడమ తడవదు. సాగర్ కాలువకు చివరి భూములు మావి, వచ్చేదే తక్కువ. అందుకే వంతులు. రెండు షట్టర్లనూ తిప్పే ఇనప హ్యాండిలు మాత్రం ఒక్కటే.

ఆ హ్యాండిలు ముప్పై ఏళ్ళు నీటిపారుదల శాఖ లస్కరు ఫ్రాన్సిస్ గారి చేతిలో ఉండేది. ఆయన రిటైరయ్యాక ఆ పనికి ఇంకెవరూ రాలేదు. తర్వాత రెండేళ్ళు ఎవరి బలం కొద్దీ వాళ్ళు తిప్పుకున్నారు. పొద్దున ఒకరు ఎత్తిన షట్టరు మధ్యాహ్నానికి ఇంకొకరు దించేసేవారు. ఒక ఆదివారం పల్లం రైతు పుల్లయ్యకూ మెరక రైతు కృష్ణయ్య మావయ్యకూ తూము మీదే గొడవైంది. కృష్ణయ్య మావయ్య పార కామ తిరగేశాడు. జగ్గయ్యపేట తీసుకెళ్తే పుల్లయ్య తలకి ఏడు కుట్లు వేశారు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు.

ఆ కుట్లు విప్పిన వారమే పాలకేంద్రం అరుగు మీద ఇరవై మూడు కుటుంబాలూ కూర్చున్నాయి. బుల్లిబాబు పెదనాన్నని పెద్దమనిషిగా ఉండమన్నారు. ఆయనకి మెరకలో ఎనిమిదెకరాలుంది, కానీ ఒకరి గట్టు తవ్విన మనిషి కాదు. సోమ, మంగళ, బుధ మెరకకి, గురు, శుక్ర, శని పల్లానికి అనుకున్నారు. పల్లంలో చివరి పొలం ముందు తడవాలి. హ్యాండిలు బుల్లిబాబు గారింట్లో ఉండాలి, ఆయన తప్ప ఇంకొకరు షట్టరు ముట్టకూడదు. నా దస్తూరీ బాగుంటుందని కాగితం నాచేత రాయించారు.

అందరూ సంతకాలు పెట్టాక కాగితం పెదనాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పెన్ను అందుకోబోయాడు.

"అయ్యో, మీరు పెట్టడమేంటండీ!" అన్నాడు పుల్లయ్య, నెత్తిన కట్టు ఇంకా ఉండగానే. "మేం పెట్టేదే మీకు. దొంగల చేత పెట్టించుకోవాలి గానీ, పెద్దోళ్ళ చేత పెట్టించుకుంటారా?"

అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వి కాగితాన్ని నాకు ఇచ్చేశాడు. నేను మడిచి బీరువాలో పెట్టాను. ఆ రోజు నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

రెండేళ్ళు వంతులు గడియారంలా నడిచాయి. మాది పల్లంలో అన్నిటికంటే చివరి పొలం, రెండెకరాలు. నాన్న పోయాక అమ్మే చేస్తోంది. ఆ రెండేళ్ళూ మా మిరప తోటకి గురువారం ఉదయం నీళ్ళొచ్చేవి. అమ్మ పేరు సీతారావమ్మ. తడి అయిన రోజు మాత్రం ఆమె అన్నంలోకి పెరుగు కాస్త ఎక్కువ వేసుకునేది. సంతోషాన్ని అంతకంటే పైకి చూపించే మనిషి కాదు.

ఈ ఏడు పెదనాన్న కొడుకు నవీన్‌బాబు మెరకలోనే ఇంకో పదెకరాలు కౌలుకి తీసుకుని మొక్కజొన్న వేశాడు. జనవరిలో ఒక గురువారం మా బోదెలోకి నీళ్ళు రాలేదు. అమ్మ తూము దాకా నడిచి వెళ్ళి చూస్తే మెరక షట్టరే ఎత్తి ఉంది.

"ఈ ఒక్క తడికి సర్దుకో అమ్మా సీతారావమ్మా" అన్నాడట పెదనాన్న. "వాడి జొన్న కంకి వేసే టైము. వచ్చే వారం నీకే ముందు."

వచ్చే వారమూ రాలేదు. మొదటి కోత అయిపోయి రెండో కోతకి పూత పట్టిన తోట మాది. మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయేవి. మొక్కని తాకితే పూత రాలి చేతిలోకి వచ్చేది. ఇంకో గురువారం కూడా తప్పితే రెండో కోత ఉండదని అమ్మ చెప్పింది. చెప్పి, బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. ఆ శుక్రవారం పాఠం రాజ్యం ఎలా పుట్టిందన్నది. మనుషులు ఒకరినొకరు నమ్మలేక, కొట్టుకుని కొట్టుకుని, చివరికి తమలో తాము ఒప్పందం చేసుకుని ఒకరికి అధికారం అప్పజెప్పారని ఒక తత్వవేత్త అన్నాడు. ఆయన లెక్కలో ఆ ఒప్పందం జనానికీ జనానికీ మధ్యనే. పాలకుడు దానికి బయట ఉంటాడు. తర్వాత వచ్చిన ఇంకొకాయన అలా కాదన్నాడు. పాలకుడిది ఒక బాధ్యత మాత్రమే, మాట తప్పితే జనం ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు అన్నాడు. ఇదంతా బోర్డు మీద రాస్తుండగా రెండో బెంచీలోంచి యశస్వి లేచింది. మైలవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల.

"మేడమ్, మొదటి ఆయన చెప్పిందాంట్లో నాకో డౌటు. అందరూ ఒప్పుకుని ఆయనొక్కడూ ఏదీ ఒప్పుకోకపోతే, రేపు ఆయన తప్పు చేశాడని ఎట్లా అంటాం? దేన్ని తప్పాడని?"

"నువ్వు హాస్టల్ వార్డెన్ గారిని అడుగు, చెప్తారు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బీరువాలో మడిచి పెట్టిన కాగితం గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి బీరువాలోంచి కాగితం తీశాను. షట్టరు ముట్టినవాళ్ళకి ఏం చెయ్యాలో రాశాం. వంతు దాటి బోదెకి మడవ తీసి నీళ్ళు మళ్ళించినవాళ్ళకి ఏం చెయ్యాలో రాశాం. హ్యాండిలు ఉన్న మనిషి ఏం చెయ్యాలో, చెయ్యకపోతే ఏమవుతుందో ఒక్క వాక్యం లేదు. పెదనాన్న మాట తప్పాడని మేం అనుకుంటున్నాం. ఆయన మాకు ఇచ్చిన మాటంటూ ఆ కాగితంలో లేదు.

మర్నాడు రెండో శనివారం, కాలేజీ లేదు. కాగితం తీసుకుని వెళ్ళాను. పెదనాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. రాజరాజేశ్వరి పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగడం అయిపోయేదాకా ఆగి విషయం చెప్పాను.

"ఇందులో మీ సంతకం లేదు పెదనాన్నా."

"నాదెందుకే? ఇచ్చింది మీరు, పుచ్చుకుంది నేను. ఇచ్చినోడు పెట్టాలి గానీ."

"ఎక్కడైనా పుచ్చుకున్నవాళ్ళే కదా పెట్టేది? రేషన్ షాపులోనైనా, పోస్టాఫీసులోనైనా."

గుమ్మంలో నవీన్‌బాబు ఫోను చూసుకుంటున్నాడు. "నాన్నా, మేడమ్ గారు ట్యూషన్ చెప్పడానికొచ్చారు. పలక తెమ్మంటావా?" అన్నాడు.

పెదనాన్న పేపరు మడిచాడు. ఆయన ముఖంలో కోపం కంటే ముందు నొప్పి కనిపించింది. "నేను రాకముందు ఎట్లా ఉందో మర్చిపోయారు. సరే. హ్యాండిలు తీసుకెళ్ళి తూము మీద పడేస్తా. మళ్ళీ తలకాయలు పగలగొట్టుకోండి. అప్పుడు మీరే వచ్చి కాళ్ళు పట్టుకుంటారు."

కాగితం మడుచుకుని వచ్చేశాను.

ఈ సంగతి తెలిసి పుల్లయ్య గడ్డపార భుజాన వేసుకుని మా ఇంటికొచ్చాడు. "హ్యాండిలు లేకపోతే ఏం? నాలుగు పోట్లు పొడిస్తే షట్టరే ఊడొస్తది."

"ఊడిపోయిన షట్టరు సోమవారం నుంచి ఎవరు మూస్తారు?" అని అడిగాను. "మెరకవాళ్ళకీ గడ్డపారలున్నాయి పుల్లయ్య మావా."

అతను నెత్తి మీద కుట్ల గీత తడుముకున్నాడు. గడ్డపార మా గోడకి ఆనించి కూర్చున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఫ్రాన్సిస్ గారి ఇంటికి వెళ్ళాను. పెరట్లో వంకాయలు కోస్తున్నాడు.

"ముప్పై ఏళ్ళు మీ మాట అందరూ ఎందుకు విన్నారండీ?" అని అడిగాను.

"నా మీసాలు చూసి అనుకున్నావా?" అని నవ్వాడు. "పుస్తకం ఉండేదమ్మాయ్. షట్టరు ఎత్తిన టైము నేనే రాసి, నేనే ముందు సంతకం చెయ్యాలి. తర్వాతే రైతు. ఒకసారి మీ నాన్నగారి వంతు గంట ఆలస్యం చేశా. అదీ నా చేత్తోనే రాసుకోవాల్సొచ్చింది. సిగ్గేసిందనుకో." వంకాయకి పుచ్చుందేమో తిప్పి చూసి బుట్టలో వేశాడు. "నేను పైవాళ్ళ మాట వినేవాణ్ణి, మీరు నా మాట వినేవాళ్ళు. బుల్లిబాబు గారు ఎవరి మాట వింటారు చెప్పు? పాపం, ఆయనకి వినడానికి ఎవర్నీ పెట్టలేదు మీరు."

ఆ మధ్యాహ్నం కూర్చుని కొత్త కాగితం రాశాను. పాత వంతులు అలాగే ఉంచి మూడు విషయాలు చేర్చాను. హ్యాండిలు పట్టుకున్నవారు కూడా ఈ కాగితానికి లోబడినవారే, కాబట్టి మొదటి సంతకం వారిది, ఎత్తిన టైమూ దించిన టైమూ వారే రాయాలి. ఇరవై మూడింటిలో పదహారు కుటుంబాలు కోరితే హ్యాండిలు ఇచ్చెయ్యాలి. అది తండ్రి నుంచి కొడుక్కి రాదు, మళ్ళీ అందరూ ఎంచుకోవాలి, ఎవరి వంతు నాడు వాళ్ళు షట్టరు తిప్పకూడదు. పైన మొదటి గీత ఖాళీగా వదిలాను.

మొదట అడ్డుకుంది అమ్మే.

"మీ నాన్న పోయినప్పుడు పదకొండు రోజులూ దగ్గరుండి జరిపించిన మనిషి. ఆయన చేత సంతకం అడుగుతావా?"

"మంచివాడు కాబట్టే అడగాలమ్మా. చెడ్డవాడైతే పెట్టించుకుని మాత్రం ఏం లాభం?"

అమ్మ చేటలో బియ్యానికి రాళ్ళేరడం పూర్తి చేసింది. తర్వాత చేట పక్కన పెట్టి, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, రెండో గీత మీద తన పేరు రాసింది.

సోమవారం నుంచి రోజూ సాయంత్రం నందిగామ బస్సు దిగి సరాసరి ఇళ్ళ వెంట తిరిగాను. నాకు ఎక్కువ మాట్లాడడం రాదు. గుమ్మంలో నిలబడి కాగితం చదివి వినిపించేదాన్ని, వాళ్ళు అనేవన్నీ అనేదాకా ఆగేదాన్ని. పల్లంలో పన్నెండు ఇళ్ళూ రెండు రోజుల్లో పెట్టేశాయి. మెరకలో తలుపులు అంత తేలిగ్గా తీయలేదు. "మాకు నీళ్ళొస్తున్నాయిగా తల్లీ, మాకెందుకీ తంటా?" అన్నారు. "ఆడపిల్లవి, పెళ్ళి కావాల్సినదానివి, పెద్దోళ్ళతో నీకెందుకు?" అని ఒకావిడ నిజంగానే బాధపడింది.

మంగళవారం రాత్రి పడుకుని విన్నవన్నీ మళ్ళీ తలుచుకుంటే ఒకటి తట్టింది. వీళ్ళు పెదనాన్న మొహం చూసి ఆగుతున్నారు. బుధవారం అందరినీ ఒకే మాట అడిగాను.

"పెదనాన్నకి అరవై తొమ్మిది. రేపు హ్యాండిలు ఎవరి చేతికి వెళ్తుంది?"

కృష్ణయ్య మావయ్య గేదెకి కుడితి పెడుతున్నవాడల్లా ఆగిపోయాడు. "నవీనుగాడికా?"

"ఏమో. కాగితంలో కాదని లేదు."

"వాడికి పదెకరాల జొన్న. పోయిన మంగళవారం నా వంతులోనే రెండు గంటలు కోసేశాడు." కుడితి చెయ్యి కడుక్కుని వచ్చాడు. "ఎక్కడ పెట్టాలే? బావ తిడతాడు. తిట్టనీ."

అతని తర్వాత మెరకలో ఇంకో అయిదుగురు పెట్టారు. మొత్తం పద్దెనిమిది.

గురువారం కాలేజీకి సెలవు పెట్టాను. వంతు మొదలయ్యే ఏడింటికి అందరం తూము దగ్గరున్నాం. కర్రలూ పారలూ తేవద్దని ముందే అనుకున్నాం. పుల్లయ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకుని నిలబడ్డాడు. పెదనాన్న నవీన్‌బాబు బండి మీద వచ్చాడు, హ్యాండిలు ఒళ్ళో పెట్టుకుని. మెరక షట్టరు అప్పటికీ ఎత్తే ఉంది.

నేను కాగితం చాచాను. "మొదటి గీత మీది పెదనాన్నా. మీరే ఉండాలని అందరూ అంటున్నారు. సంతకం పెట్టి ఉండండి."

"పెట్టకపోతే?" అన్నాడు నవీన్‌బాబు.

"నిన్నెవరూ అడగలేదు అబ్బాయ్" అన్నాడు పుల్లయ్య. "నువ్వు స్టాండు వేసుకో, బండి పడుద్ది."

పెదనాన్న కాగితం చదివాడు. పేర్ల దగ్గర ఆయన వేలు ఒక్కొక్క గీతా దిగుతూ ఒకచోట ఆగింది. "నువ్వూనా కృష్ణయ్యా?"

"నేనూ పెట్టా బావా."

"నా మీద నమ్మకం లేకనా?"

కృష్ణయ్య మావయ్య కంటే ముందు అమ్మే మాట్లాడింది. "నమ్మకం ఉంది బావగారూ. తోటలో పూత లేదు."

ఆయన కాగితం నాకు తిరిగిచ్చాడు. తర్వాత వంగి హ్యాండిలు తూము గోడ మీద పెట్టాడు. పడెయ్యలేదు, పెట్టాడు. "కానివ్వండి. ఎట్లా కానిస్తారో చూస్తా" అని బండెక్కకుండా నడిచి వెళ్ళిపోయాడు. నవీన్‌బాబు బండి తోసుకుంటూ వెనకే వెళ్ళాడు.

అందరూ ఆ ఇనప ముక్కనే చూశారు. పెదనాన్న రాకముందు రెండేళ్ళ భయమంతా ఆ గోడ మీద ఉన్నట్టుంది. పుల్లయ్య చెయ్యి కదిలింది. అది చూసి మెరక రైతొకడు అడుగు ముందుకేశాడు. అమ్మ వాళ్ళిద్దరికంటే ముందు వెళ్ళి హ్యాండిలు అందుకుంది.

"ఇవాళ వంతు నాది. నేనే తిప్పుకుంటా."

"అందుకే నువ్వు తిప్పకూడదమ్మా" అన్నాను.

అమ్మ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అక్కడికి కిలోమీటరున్నర దూరంలో ఆమె తోట ఎండిపోతోంది. షట్టరు చేతికందే దూరంలో ఉంది.

"నువ్వు రాసిందేనా అది?" అంది.

"నేను రాసిందే. నువ్వు సంతకం పెట్టిందే."

ఆమె హ్యాండిలు మళ్ళీ గోడ మీద పెట్టింది. పెట్టి, నాకు కాస్త ఎడంగా వెళ్ళి నిలబడింది.

ఎవరన్న దాని మీద అరగంట వాదన జరిగింది. ఆ అరగంటా ఒక్కొక్క నిమిషం నాకు తెలిసింది. ఎండ పైకొస్తోంది. మెరకవాళ్ళు మెరకవాళ్ళ పేరు, పల్లంవాళ్ళు పల్లంవాళ్ళ పేరు చెబుతున్నారు. చివరికి పుల్లయ్య విసుగెత్తి అరిచాడు.

"కృష్ణయ్యకి ఇవ్వండ్రా బాబూ! నన్ను కొట్టినోడికి మళ్ళీ కొట్టడానికి మొహం చెల్లదు. నా వంతు ఒక్క నిమిషం తప్పినా ఈ కుట్లు చూపిస్తా."

నవ్వులు వచ్చాయి. కృష్ణయ్య మావయ్య నవ్వలేదు. నా దగ్గర కాగితం తీసుకుని తూము గోడ మీద పరిచి, మొదటి గీత మీద సంతకం పెట్టాడు. కింద ఎనిమిది గంటల పది నిమిషాలని రాశాడు. అప్పుడు హ్యాండిలు తీసుకుని మెరక షట్టరు దించి, పల్లపు షట్టరు ఎత్తాడు. ఎండిన బోదెలోకి నీళ్ళు చెత్తని ముందుకు తోసుకుంటూ దిగాయి.

పదింటప్పుడు బోదె గట్టున నీళ్ళతో పాటు నడుస్తుంటే రాజరాజేశ్వరి పెద్దమ్మ గొడుగు వేసుకుని ఎదురొచ్చింది.

"సోమవారం మా వంతు ఎన్నింటికో కనుక్కుని రమ్మన్నారు మీ పెదనాన్న."

"సంతకం పెట్టినవాళ్ళకే వంతని పొద్దున అనుకున్నాం పెద్దమ్మా. ఆయన ఎప్పుడొచ్చి పెట్టినా..."

"ఆయన పెట్టరు. ఆయన సంగతి నాకు తెలీదా?" గొడుగు నాకు ఇచ్చి కళ్ళజోడు తీసింది. "ఎనిమిదెకరాలూ నా పేరునే ఉంది. మా పుట్టింటివాళ్ళిచ్చిందే సగం. నా గీత ఎక్కడో చూపించు."

ఇరవయ్యో గీత చూపించాను. నా వీపు మీద కాగితం పెట్టుకుని నిదానంగా పూర్తి పేరు రాసింది. "మీ పెదనాన్నకి నేను చెప్తాలే. అన్నం తిన్నాక చెప్పాలి" అని గొడుగు తీసుకుంది.

పదకొండు దాటాక నీళ్ళు మా పొలం చేరాయి. అమ్మ మడవ తీసి ఒక్కో సాలులోకీ మళ్ళించింది. మా వంతు నాలుగింటి వరకే, ఆ తర్వాత పుల్లయ్యది. పొద్దున పోయిన గంటా పది నిమిషాలు ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. నాలుగయ్యేసరికి ఇంకా పది సాళ్ళు పొడిగానే ఉన్నాయి.

పుల్లయ్య గట్టు మీదకొచ్చి చూశాడు. "కానివ్వక్కా, పర్లేదు. ఇంకో అరగంట పెట్టుకో. నేనేమన్నా అన్నానా?"

అమ్మ పారతో మట్టి ఎత్తి మడవ కట్టేసింది. రెండు వేట్లలో నీళ్ళు ఆగాయి.

"ఇవాళ నువ్వు పర్లేదంటావ్. ఎల్లుండి ఇంకొకళ్ళు మొహమాటానికి అంటారు. మళ్ళీ మొదటికొస్తాం" అని చీర కుచ్చిళ్ళు దోపుకుని నావైపు తిరిగింది. పొద్దుట్నుంచి నాతో మాట్లాడడం అదే.

"ఇంటికెళ్ళి బిందెలు పట్రా. పది సాళ్ళేగా, మోసుకుందాం."